అవ్వ ఎత్తకపోయినాది!

ఆ రోజుల్లో నాకు రెండు సంగతులు బాగా తెలుసనుకునేదాన్ని. నీళ్ళకి డబ్బులివ్వక్కర్లేదన్నది ఒకటి, నాకు తెలుగు వచ్చునన్నది రెండోది. కాలేజీలో తెలుగు సాహిత్యం ప్రత్యేకంగా చదివినదాన్ని కాబట్టి రెండోదాని మీద కాస్త గర్వం కూడా ఉండేది. తొంభైల చివర్లో, అంటే నాలుగైదేళ్ళ కిందట, మా ఆయనకి తిరుపతి బదిలీ అయింది. ఏడాదిన్నర పిల్లాణ్ణి చంకనేసుకుని, మా అమ్మ బలవంతంగా ఎక్కించిన కొబ్బరికాయల గోనెసంచితో రైలు దిగాను. దిగిన వారం లోపే నాకు తెలిసిన రెండూ తప్పని తేలిపోయాయి. అప్పట్లో నాకు తగిలిన షాకులు అన్నీ ఇన్నీ కావు. ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోయాక రాస్తున్నాను కాబట్టి నవ్వొస్తోంది గానీ, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ లేచి వెళ్ళి ఇద్దరూ మంచం మీద ఉన్నారో లేదో చూసి వస్తాను. (ఇందాకే చూసి వచ్చాను. ఉన్నారు.)

మాది కోనసీమ. పెరటి గుమ్మం దిగితే కాలువ, తలెత్తితే కొబ్బరిచెట్టు. కాయ నెత్తిన పడకుండా తప్పుకు తిరగడమే తప్ప కొబ్బరికాయని కొంటారన్న సంగతి నాకు పెళ్ళయ్యేదాకా సరిగ్గా తెలీదు. అలాంటిదాన్ని తిరుపతిలో బస్టాండు వెనకవీధిలో ఇల్లు చూడ్డానికి తీసుకెళ్ళారు మా ఆయన. ఇంటి యజమాని గోడలకి కొత్తగా సున్నం వేయించిన సంగతి చాలాసేపు చెప్పి, చివర్లో "అడ్వాన్సు పది నెల్ల బాడిగప్పా" అన్నాడు. "అప్పా" అన్నందుకు మా ఆయన, "పది నెల్ల" అన్నందుకు నేను, ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం. మా ఊళ్ళో ఎవరైనా అద్దెకి దిగితే ఒక నెల ముందిస్తే చాలు, ఆ పూట ఇంటావిడే భోజనం పంపించేది. "పది నెలలదీ ఇచ్చేస్తే ఇల్లు మన పేర రాసిస్తారాండీ?" అని మా ఆయన చెవిలో అడిగాను. ఆయన నా కాలు తొక్కారు.

నీళ్ళ సంగతి అంతకన్నా ఘోరం. తాగే నీళ్ళు బిందె లెక్కన కొనుక్కోవాలట. మిగతా అవసరాలకి ట్యాంకరు వచ్చినప్పుడు డబ్బిచ్చి పట్టుకోవాలట. ఆ సాయంత్రమే టెలిఫోను బూత్‌కి పోయి మా అమ్మకి చెప్పాను. ఆవిడ మెల్లిగా, "నీళ్ళు కొనడమేంటే? నీకు ఒంట్లో బావుందా?" అంది. అంగడికి వెళితే (అక్కడ కొట్టుని అంగడి అంటారు) కొబ్బరికాయ ధర విని, దాన్ని రెండు చేతులతో, నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినంత జాగ్రత్తగా వెనక్కి పెట్టేశాను. కందిపప్పు అడిగితే అంగడాయన, "బేడలు ఎన్ని గావాలమ్మా?" అన్నాడు. బేడంటే మా తాతగారి కాలంలో రెండణాలు. పప్పు కూడా పాత లెక్కల్లోనే అమ్ముతున్నారు కాబోలు, ఇదొక్కటైనా చవకే అని సంబరపడి, "ఇప్పుడు బేడలు చెల్లుతున్నాయాండీ?" అని అడిగాను. ఆయన నన్నూ నా చంకలో పిల్లాణ్ణీ మార్చి మార్చి చూసి, "బాగా ఉడుకుతాయమ్మా" అన్నాడు. అప్పుడు తెలిసింది, అక్కడ పప్పునే బేడలంటారని. నిజం చెప్పాలంటే టమాటాలు, పాలు, చెనక్కాయలు (అంటే వేరుశనక్కాయలు) మా వైపుకన్నా ఎంతో చవక. కానీ భయపడుతున్న మనిషికి చవకగా దొరికేవి కనబడవు.

వీటన్నిటినీ మించిన ఖర్చు ఇంకోటుంది. మేం తిరుపతిలో కాపురం పెట్టామన్న కబురు కోనసీమ అంతా పాకిపోయింది. మా మేనత్త తోటికోడలి అన్నగారి కుటుంబం అంటూ మొదటివాళ్ళు వచ్చారు. తర్వాత వచ్చినవాళ్ళకి ఆ మాత్రం చుట్టరికం కూడా లేదు. "మనవాళ్ళు ఉండగా గదులెందుకని" అంటూ దిగేవారు. అందరికీ స్నానాలకి నీళ్ళు కావాలి. కాలువలో మునిగి పెరిగిన మనుషులు, బిందె ఖరీదెంతో ఎరగకుండా చెంబుల మీద చెంబులు గుమ్మరించుకుంటుంటే, స్నానాలగది తలుపు బయట నిలబడి ఆ చప్పుడు వినేదాన్ని. ఒక్కో చెంబుకీ నా గుండె ఒక్కసారి జారేది.

ఇక ఇరుగుపొరుగు. మా వైపు మర్యాదంటే మర్యాదే. "ఆయ్, రండి, కూర్చోండి, కాఫీ పుచ్చుకోండి" అంటారు. పిల్లినైనా "అండీ" అనకుండా అదిలించం. కానీ పిలవకుండా ఎవరూ వీధి గది దాటి లోపలికి రారు. తిరుపతిలో మొదటిరోజు పొద్దున్నే పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, "ఏం మే, ఏ ఊరు మీది? ఏం కూర జేసినావు?" అంది. పేరు అడగలేదు. అండీ లేదు, మీరు లేదు. "మే" ఏమిటో, నన్నేమైనా మేక ననుకుంటోందా అని ఒక్కక్షణం అనుమానం కూడా వచ్చింది. ఆవిడకి నేను గోడక్క అని పేరు పెట్టుకున్నాను, ఎప్పుడు చూసినా గోడ మీదే కనిపించేది కాబట్టి. తమిళనాడు సరిహద్దున సత్యవేడు దగ్గర పుట్టిన మనిషి కావడంతో ప్రతి మాటకీ "సెరి సెరి" అనేది. నేను వంకాయ కూర అని చెప్పగానే "సెరి" అని, గోడ చుట్టూ తిరిగి సరాసరి వంటింట్లోకి వచ్చి, మూత తీసి చూసి, "ఇంత గంటెడు నూనె పోస్తారా మీ దిక్కు!" అని బుగ్గలు నొక్కుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి నా స్టీలు గిన్నె ఒకటి మాయమైంది. మా పుట్టింటివాళ్ళు పేరు కొట్టించి ఇచ్చిన గిన్నె. పెరటి అరుగు మీద తోమి బోర్లించాను, గంట తర్వాత చూస్తే లేదు. గోడక్కని అడిగాను. ఆవిడ బట్టలు పిండుతూనే, తల కూడా ఎత్తకుండా, "ఎదురింటి అవ్వ ఎత్తకపోయింటాదిలే" అంది.

ఎత్తుకుపోవడం! మా వైపు ఆ మాట దొంగలకే వాడతాం. దొంగలు సొమ్ము ఎత్తుకుపోతారు, పిల్లల్ని పట్టేవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోతారు. ఎదురింట్లో దొంగ ఉందని తెలిసీ ఈవిడ ఇంత నింపాదిగా బట్టలు పిండుకుంటోందే అనుకుంటూ, ఆ పూటకి మిగతా గిన్నెలు లోపలికి తెచ్చేసుకున్నాను. ఆ అవ్వని అంతకుముందు నేను చూశాను. పలమనేరు పక్క పల్లెనించి వచ్చి కొడుకు దగ్గర ఉంటోంది. ముక్కుకి రెండువైపులా పుడకలు, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా. మా వాడు కనబడితే చాలు "రా సామీ" అని చేతులు చాపేది. నేను వాణ్ణి ఇటువైపు చంకకి మార్చుకునేదాన్ని.

రెండు రోజుల తర్వాత గిన్నె అదే అరుగు మీద ప్రత్యక్షమైంది. అందులో నిండా ఊరిబిండి. చెనక్కాయలూ ఎండుమిరపకాయలూ నూరిన పచ్చడి. మా ఆయన ఆఫీసునించి రాగానే గొంతు తగ్గించి చెప్పాను: "దొంగతనం చేసింది, తర్వాత మనసు మార్చుకుని తిరిగి పెట్టేసింది." ఆయన పచ్చడి కలుపుకున్న ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంకొంచెం వెయ్యి. మనసు బాగానే మార్చుకుంది" అన్నారు. ఆ తర్వాత గిన్నెలు పోతూనే ఉన్నాయి. అవి ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు, ఒకసారి పుల్లగూరతో, ఒకసారి అలసంద వడలతో వచ్చాయి. అయినా నా బుర్రకి అందలేదు. పట్టపగలు కూడా వీధి తలుపుకి గడియ వేసుకోవడం మొదలుపెట్టాను. అది చూసి అవ్వ ఒకనాడు వీధిలోంచే అరిచింది: "ఏం మే! పొద్దస్తమానం గడి బెట్టుకుంటావు? లోపల గుడ్లు పెట్టినావా ఏంది?" నాకు రోషం, భయం రెండూ కలిగాయి. ఆ రాత్రి మా ఆయనతో గట్టిగా చెప్పేశాను, నేను పిల్లాణ్ణి తీసుకుని మా ఊరు వెళ్ళిపోతానని, మీరు బదిలీ వేయించుకుని వెనకాల రండని.

ఇంతలో మా వాడికి పుట్టువెంట్రుకలు తీయించాలని కొండకి వెళ్ళి వచ్చాం. నున్నటి గుండు, దాని మీద పచ్చగా గంధం. ముద్దొస్తున్నాడు గానీ, జుట్టు పోయాక వాడి మొహం నాకే కొత్తగా ఉండి, పొద్దున్నే లేవగానే ఎవరి పిల్లాడా అని ఉలిక్కిపడేదాన్ని.

కొండనించి వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం. వాడు నిద్రపోతున్నాడు. వీధి చివర ట్యాంకరు హారను మోగింది. ఒక్క నిమిషంలో వచ్చేస్తానని తలుపు దగ్గరికి వేసి, బిందెలు పట్టుకుని పరుగెత్తాను. నీళ్ళ దగ్గర ఒక్క నిమిషమన్నది ఎక్కడా ఉండదు. ఎవరో నా బిందె పక్కకి తోశారు. నేను "ఏవండీ, వరసలో రండి" అన్నాను. ఆ "ఏవండీ"కి అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చి, వాళ్ళ భాషలోనే "మే!" అని అరిచాను. (నా జీవితంలో అదే మొదటి "మే".) మొత్తానికి రెండు బిందెలూ నింపుకుని విజయగర్వంతో ఇంటికి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పక్క మీద పిల్లాడు లేడు. దుప్పటి మీద గంధం మరక మాత్రం ఉంది.

మంచం కింద చూశాను. బియ్యం డబ్బా వెనక చూశాను. ఏడాదిన్నర పిల్లాడు పట్టడని తెలిసీ బీరువా కూడా తెరిచి చూశాను. పెరట్లోకి పరుగెత్తి, "అక్కా, బాబు! మా బాబు!" అన్నాను. గోడ అవతల గోడక్క చింతపండు గింజలు తీస్తోంది.

"అబ్బోడా? అవ్వ ఎత్తకపోయినాది గదా" అంది.

ఉలిక్కిపడి వెనక్కి అడుగేస్తే, పెరటి గుమ్మంలో దించిన బిందె కాలికి తగిలి దొర్లిపోయింది. (కొన్న నీళ్ళు. అంత భయంలోనూ ఆ సంగతి గుర్తొచ్చింది.)

"ఎక్కడికి?"

"బస్టాండు దిక్కు బోయినాది. వాళ్ళ తమ్ముడు పలమనేరు బోతాండాడు గదా, ఆయప్పతో గూడా బోయినాది."

తమ్ముడు కూడా ఉన్నాడు! అంటే ముఠా! ఇన్నాళ్ళూ గిన్నెలతో చెయ్యి సాధన చేసుకుని, ఇప్పుడు నా పిల్లాణ్ణి పలమనేరు బస్సు ఎక్కించేస్తోందన్నమాట. గోడక్క ఇంకా ఏదో అంటూనే ఉంది, నాకు వినబడలేదు. చెప్పుల్లేకుండా, తడిసిన కుచ్చెళ్ళతో, జుట్టు ఊడిపోతుండగా వీధిలో పడ్డాను. "మేయ్, యాడికి? నిల్లు మే!" అని వెనకాల అరుస్తోంది. నిలవడానికి నాకు ప్రాణం ఉంటే కదా.

బస్టాండులో ఇసకేస్తే రాలనంత జనం. ఎదురుపడ్డ కండక్టరు చొక్కా దాదాపు పట్టుకున్నాను. "మా బాబండీ! ఏడాదిన్నర! గుండు! గుండుకి గంధం రాసి ఉంటుందండీ!" అన్నాను. ఆయన టిక్కెట్ల సంచి సర్దుకుని, చుట్టూ ఒకసారి చెయ్యి తిప్పి చూపించాడు. "అమ్మా, ఇది తిరపతి. గుండు లేని బిడ్డ పోయింటే జెప్పు, ఇప్పుడే పట్టిస్తా" అన్నాడు. అప్పుడు చూశాను. ఎటు చూసినా గంధం గుండ్లే. తల్లుల భుజాల మీద, తండ్రుల మెడల మీద, తాతల ఒళ్ళో, బెంచీల కింద, ప్రతి పిల్లాడూ మా వాడే. దేవుడు ఆ పూట నా ఒక్క కొడుకునీ దాచడానికి ఊరందరి పిల్లలకీ గుండు కొట్టించినట్టు అనిపించింది.

ఇంతలో ఒక స్తంభం పక్కన, నాకు వీపు పెట్టి, సంచి మీద కూర్చున్న పిల్లాడొకడు కనిపించాడు. అదే ఎత్తు, అదే పచ్చ గుండు, అలాంటిదే చారల లాగూ. పక్కన ఎవరో ముసలావిడ కూడా ఉంది. ఇంకేం ఆలోచించలేదు. ఒక్క అంగలో వెళ్ళి, వాణ్ణి చంకన వేసుకుని, వెనక్కి తిరిగాను. వాడు కెవ్వుమన్నాడు. వెంటనే నా వెనకనించి ఆడగొంతు ఒకటి బస్టాండు పైకప్పు ఎగిరిపోయేలా లేచింది:

"బాబోయ్! మా బాబుని ఎత్తుకుపోతోందండీ! అదిగోనండీ, ఎత్తుకుపోతోందండీ!"

అది మా ఊరి యాస. దొంగని పట్టించేటప్పుడు కూడా "అండీ" వదలని మనుషులు మా కోనసీమ వాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ ఉండరు. అక్కడే ఆగిపోయాను. పిల్లాడి మొహం చూశాను. మా వాడు కాదు. వీడికి రెండు పళ్ళు ఎక్కువ, అవి రెండూ నా భుజంలో దిగి ఉన్నాయి. అయిపోయింది, ఇక జనమంతా మీద పడతారని కళ్ళు మూసుకున్నాను.

ఎవరూ మీద పడలేదు. ఎవరూ కదల్లేదు కూడా. పక్కన మల్లెపూలు కడుతున్న ఒకావిడ దారం తెంపకుండానే, ఏడుస్తున్న ఆ తల్లిని చూసి, "ఎత్తకపోతే పోనీలే మా, ఏం బోయింది? నీకూ రొంతసేపు చెయ్యి నొప్పి తగ్గుతాది" అంది. ఇంకొకాయన, "ఎవురో మీ వాళ్ళే గదమ్మా, బిడ్డ మీద ఆశపడి ఎత్తుకొనిండాది" అన్నాడు.

ఆ తల్లి నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆవిడ మొహంలో ఉన్నది నాకు బాగా తెలుసు. వచ్చిన రోజునించీ నా మొహం మీద ఉన్నది అదే. పిల్లల దొంగని పట్టుకోండి అని ఆవిడ గగ్గోలు పెడుతుంటే, వీళ్ళకి వినబడుతున్నది ఎవరో బిడ్డని చంకనెత్తుకుని తీసుకెళుతున్నారని మాత్రమే. ఎత్తకపోవడమంటే ఇక్కడ తీసుకెళ్ళడం! గిన్నె ఎత్తకపోవడం, బిందె ఎత్తకపోవడం, బిడ్డని ఎత్తకపోవడం. తెలుగు సాహిత్యం ప్రత్యేకంగా చదివిన నాకు ఆ సంగతి తిరుపతి బస్టాండులో, ఎవరి పిల్లాడో నా భుజం కొరుకుతుండగా బోధపడింది.

సరిగ్గా అప్పుడే గోడక్క రొప్పుతూ వచ్చి చేరింది. ఆవిడ వెనకాలే, పలమనేరు బస్సు వైపునించి, అవ్వ. అవ్వ చంకలో మా వాడు. మూతి నిండా రాగి సంగటి, ఒక చేతిలో అవ్వ పైట కొంగు, ఇంకో చేతిలో ఉడకబెట్టిన చెనక్కాయ.

అవ్వ నా కాళ్ళు చూసింది. నా జుట్టు చూసింది. నా చంకలో ఉన్న గుండు చూసింది.

"ఏం మే, మీవోడు నా కాడుంటే ఇంకోణ్ణి యాణ్ణుంచి తెచ్చుకున్నావు?"

నేను ఆ పిల్లాణ్ణి వాళ్ళమ్మ చేతుల్లో పెట్టేసి, మా వాణ్ణి లాక్కుని, ఏడుపూ కోపమూ కలిసిపోయి, "నా బాబుని ఎత్తుకుపోయారు మీరు!" అన్నాను.

"ఎత్తకపోక? ఈడ్సకపోవాల్నా బిడ్డిని?" అంది అవ్వ.

పూలావిడ దారం తెంపేసి మరీ నవ్వింది. కండక్టరు నవ్వాడు. పలమనేరు బస్సు కిటికీలోంచి అవ్వ తమ్ముడు (ముఠా నాయకుడు!) పళ్ళు లేని నోటితో నవ్వాడు. అవ్వ మాత్రం నవ్వలేదు. "గిన్నె ఇద్దామని వొచ్చినా. నువ్వు నీళ్ళకాడ కొట్లాడతాండావు, ఈడు లేసి ఏడస్తా ఉండాడు. ఆకలిబిడ్డిని ఇడిసిపెట్టి పోతానా? రెండు ముద్దలు సంగటి పెట్టినా. కొత్త గుండు గదా, ఎండ తగలకుండా కొంగు గప్పి తీస్కోనొచ్చినా. ఈ యమ్మికి జెప్పే వొచ్చినా" అని గోడక్కని చూపించింది.

"నేనూ జెప్పినా గదా, వింటేనా! సెరి, ఉరికింది ఉరికినట్టే" అంది గోడక్క.

మా వాడి పొట్ట తడిమి చూశాను. గట్టిగా, నిండుగా ఉంది. గిన్నె ఎత్తుకెళితే ఎలా నింపి తెస్తుందో, పిల్లాణ్ణీ అలాగే నింపి తెచ్చిందావిడ.

కథ అక్కడితో అయిపోలేదు. నన్ను దొంగన్న ఆ తల్లి కళ్ళు తుడుచుకుని దగ్గరికొచ్చి, "మీదే ఊరండీ?" అంది. చెప్పాను. "అయ్యో, మాది రాజోలండీ! ఏమనుకోకండేం. కంగారులో అన్నానండీ" అంది. పర్వాలేదండీ అన్నాను. "కొండమీంచి ఇప్పుడే దిగామండీ, రైలు రేప్పొద్దున. గది ఎక్కడా దొరకలేదండీ..." అని ఆగింది. ఇంకేం చేస్తాను? వాళ్ళందరినీ వెంటబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. పట్టిన నీళ్ళల్లో మిగిలిన బిందెడూ వాళ్ళ స్నానాలకే అయిపోయాయి. మా ఆయన ఇంటికి వచ్చి, ఇద్దరు గుండు పిల్లల్ని చూసి, "మనవాడేడి?" అని నన్నే అడిగారు. అవ్వ పెద్ద గిన్నెడు పులుసు, సంగటి ముద్దలు పంపించింది. ఊరు వెళ్ళిపోతానన్న మాట ఆ రాత్రి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఆ తర్వాత తిరుపతిలో ఉన్నన్నాళ్ళూ మా వాడు నా చంకలో కన్నా అవ్వ చంకలోనే ఎక్కువ పెరిగాడు. ఖర్చులు తగ్గలేదు. కొబ్బరికాయ ధర విన్నప్పుడల్లా గుండె కలుక్కుమంటూనే ఉండేది. ఊరినుంచి గోనెసంచి వచ్చినప్పుడు మాత్రం అవ్వకీ గోడక్కకీ చెరో నాలుగు కాయలు ఇచ్చేదాన్ని. "ఊరికేనే రాల్తాయా మీ ఊర్లో?" అని అవ్వ ప్రతిసారీ ఆశ్చర్యపోయేది. నీళ్ళు ఊరికే వస్తాయంటే మాత్రం ఆఖరిదాకా నమ్మలేదు.

ఇప్పుడు మళ్ళీ మా వైపే వచ్చేశాం. ఈ మధ్యే ఒక ఫ్లాటులో దిగాం. పెద్దవాడు బడికి వెళుతున్నాడు. రెండోది పాప, ఏడు నెలలది, పగలు నిద్రపోదు, నన్ను నిద్రపోనివ్వదు. చుట్టూ మంచివాళ్ళు. అందరూ "అండీ" అంటారు, మెట్ల మీద ఎదురైతే "కాఫీకి రండీ" అంటారు. మొన్న పాప ఒకటే ఏడుపు. కింద ఫ్లాటు ఆవిడ గుమ్మంలో కనబడితే, అలసటలో నోరు జారి, "కాసేపు మా పాపని ఎత్తకపోకూడదాండీ?" అన్నాను. ఆవిడ మొహం తెల్లబోయింది. "అయ్యో, అవేం మాటలండీ!" అని ఒకడుగు వెనక్కి వేసింది.

రాత్రి తలుపుకి రెండు గడియలూ వేసి, వేశానో లేదో అని మళ్ళీ వచ్చి చూసుకునే అలవాటు నాకు పోలేదు. పగలు మాత్రం వీధి తలుపు గడియ వేయకుండా దగ్గరికి వేసి ఊరుకుంటున్నాను. ఎవరైనా తోసుకుని లోపలికి వచ్చి, మూత తీసి కూర చూసి, పాపని ఎత్తుకుని పోతారేమోనని. ఇంతవరకూ వచ్చింది పైఫ్లాటు వాళ్ళ పిల్లి ఒక్కటే. అది కూడా గుమ్మంలోనే ఆగి, ఎంతో మర్యాదగా, నేను పిలిచేదాకా లోపలికి రాలేదు.